రికవరీ మోడ్‌లో అక్క చీర

పోయినేడు పత్తి కాలంలో ఒక ఆదివారం. ఉగ్గానికి బొరుగులు తడిపిపెట్టి, బజ్జీలకు శనగపిండి కలుపుతాంటే ఫోను మోగింది. రెండు చేతులూ పిండే. మోచేత్తో తోసి స్పీకరు పెట్టినాను. ఎమ్మిగనూరు నుంచి మా అక్క.

“మే, ఇది నన్ను లోపలికి రానీలేదే.”

బావ తలుపు గడియ పెట్టుకున్నాడేమో అనుకున్నాను. ఆ ఇంట్లో అది జరగని పనేం కాదు.

“ఎవరే రానీంది?”

“ఇదే, కంప్యూటరు. పాస్‌వర్డు కొడితే సరేనన్నట్టు నల్లగా అయితాది. లోపలికి పోతాండాననుకుంటే మళ్లా తెచ్చి అదే పాస్‌వర్డు కాడ నిలబెడతాది. పొద్దున్నుంచి ఇదే ఆట.”

నేను ఆదోనిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్తాను. వారమంతా పిల్లలు మేడం స్క్రీను పోయింది, మేడం మౌసు కదల్లేదు అని నా ప్రాణం తీస్తారు. ఆదివారం ఒక్కపూట నా బజ్జీలు నన్ను తిననిస్తే వీళ్ల సొమ్మేం పోతుందో తెలీదు. క్యాప్స్ లాక్ చూడమన్నాను. చూసినా అనింది. ఆపి మళ్లా వెయ్యమన్నాను. ఏసి ఏసి చెయ్యి నొప్పి పుట్టింది అనింది. అయితే పాస్‌వర్డు మర్చిపోయింటావు అన్నాను.

అంతే. మా ఇంట్లో ముక్కు మీద కోపం నా ఒక్కదానికే కాదు. “పెండ్లి రోజన్నా మర్చిపోతానేమో గానీ నా పాస్‌వర్డు నేను మర్చిపోతానా? నీకు పాఠాలు సెప్పి సెప్పి అందరూ మొద్దులే అనిపిస్తాంది” అని ఫోన్లోనే కడిగేసింది. తరువాత ఉన్నట్టుండి గొంతు పడిపోయింది. “సాయంత్రం బండొస్తాది మే” అనింది.

బండి అనేసరికి నేను పిండి చేతులు కడుక్కున్నాను.

బండి అంటే లగేజి ఆటో. కోడుమూరు దిక్కు నుంచి ఒకాయన వచ్చి, పాత మగ్గాలు కొని, చెక్క కోసం విప్పుకొని పోతాంటాడు. అక్కావాళ్ల వీధిలో ఇప్పటికే సగం ఇండ్లలో మగ్గం గుంటలు పూడ్చేసి బండలు పరిచినారు. ఒక ఇంట్లో గుంట ఉన్నచోట ఫ్రిజ్జు నిలబడింది, ఇంకో ఇంట్లో దివాను పడింది. ఇప్పుడు వంతు మా బావ మగ్గానికి వచ్చింది.

బావ చేతి పని గురించి నేను చెప్తే మరదలు కాబట్టి చెప్తాంది అంటారు. వీధిలో ఎవరినన్నా అడుక్కోండి. కానీ ఏండ్ల తరబడి నూలు ఇచ్చే షావుకారు ఆయనను నేయమనే చీర ఒకటే. అదే అంచు, అదే బుటా. అంతకంటే చౌకగా అదే చీర మరమగ్గం మీద దిగుతాంటే ఇంగ చేత్తో ఎందుకు నేయాల? “నేయి నేయి అంటే నేను మనిషినా, మోటారునా?” అని ఒకరోజు మగ్గం దిగినాడు. మళ్లా ఎక్కలేదు. ఆదోనిలో ఒక బట్టల అంగట్లో పని కూడా మాట్లాడుకొని వచ్చినాడు. చీరలు నేసిన చేతులతో చీరలు మడతపెట్టే పని.

అక్క అరిచింది, ఏడ్చింది, మాటలు మానేసింది, మానేస్తే ఆయనకే సుఖమని మళ్లా మొదలుపెట్టింది. మగ్గం పోతే ఈ మనిషి కూడా ఇంట్లో ఉండీ లేనట్టే అని ఆమె భయం. నాతో చాలాసార్లు చెప్పుకుంది. బావ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆఖరికి పోరు పడలేక ఒక మాట అన్నాడు. “సరే, బండొచ్చే లోపల నా చేతికి తీట పుట్టేంత చీర ఒక్కటి చూపీ. మగ్గం మీద ఎవుని చెయ్యీ పడనీను. సూపీలేకపోతే నువ్వు నోరు మూసుకోవాల.”

ఆయన నోరు మూయించేదానికి అన్నాడు. మా అక్క దాన్ని పంతంగా పట్టుకుంది.

డిజైను గీయడం ఆమెకు కొత్త కాదు. మా సెంటర్‌లో మూలకు పడేసిన పాత కంప్యూటర్‌ను నేనే అడిగి తెచ్చి, దానికి లినక్స్ వేసి, గళ్లలో రంగు చుక్కలు పెట్టి చీర నమూనా గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి ఇచ్చింటిని. ఒక గడి అంటే ఒక పోగు. అక్కకు మగ్గం భాష వచ్చు కాబట్టి నాకంటే తొందరగా పట్టేసింది. ఈ చీరను నెలకు పైగా గీసింది. అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చి ఒక వరుస, కుళాయి నీళ్లు పట్టి వచ్చి ఒక వరుస. ముందురోజు సాయంత్రానికి కొంగు కూడా అయిపోయింది. పొద్దున లేచి బావను కూర్చోబెట్టి చూపిద్దామని స్విచ్చి వేస్తే, అది ఆమెను లోపలికి రానీలేదు.

తడిపిన బొరుగుల మీద మూత పెట్టేసి బస్సెక్కినాను. పత్తి ఏరేదానికి పోయే ఆడోళ్లతో బస్సు కిటకిటలాడుతాంది. నా పక్కన నిలబడిన ఆమె నా భుజం మీది బ్యాగు చూసి, “ఆదివారం గూడా ఆపీసేనామ్మా?” అనింది.

“ఆపీసు కాదక్కా. మా అక్కావాళ్ల ఇల్లు. మొగుడూ పెండ్లాల పంచాయితీ.”

“అయితే ఇంగా కష్టమే” అని నా మీద జాలిపడి, కొంచెం జరిగి నాకు కడ్డీ పట్టుకునేదానికి జాగా ఇచ్చింది.

ఇంటికి పోయేసరికి బావ బయట అరుగు మీద కూర్చుని టీ తాగుతాండాడు. నన్ను చూస్తానే లేచి నమస్కారం పెట్టినాడు.

“రాండి డాక్టరమ్మా. పేషెంటు లోపలుండాడు. ఊపిరుంది, మాట లేదు.”

“నీకు మాటుంది, చేతిలో పని లేదు బావా” అన్నాను. ఆయన పకపకా నవ్వినాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు. లోపల నడింట్లో మగ్గం మీద పాత పంచె ఒకటి కప్పి ఉంది. ఎప్పుడు పోయినా ఆ ఇంట్లో మాటలు గట్టిగా మాట్లాడుకోవాల్సి వచ్చేది, మగ్గం చప్పుడుకు. ఆపొద్దు నేను మామూలుగా మాట్లాడినా అరిచినట్టుంది.

కంప్యూటరు వంటింటి గోడకు ఆనుకుని, బియ్యం మూటల పక్కన ఉంటుంది. అక్క పాస్‌వర్డు కొట్టి చూపించింది. తప్పని చెప్పలేదు. నల్లగా అయింది, ఒక్క క్షణం ఊరించింది, మళ్లా పాస్‌వర్డు అడిగింది. నేను కొట్టినాను. అంతే. చేయి తిరిగిన దొంగ మాదిరి ప్రతిసారీ నవ్వుతా మమ్మల్ని బయటికి తోసింది.

“రికవరీ మోడ్‌లో పోదాం” అన్నాను.

“అదేంది?”

“ముందు వాకిలి తెరుచుకోకపోతే పెరటి వాకిలి. పాస్‌వర్డు అడగదు, బొమ్మలు చూపీదు. నల్ల స్క్రీను, తెల్ల అక్షరాలు. మనం ఏం టైపు చేస్తే అది చేస్తుంది.”

“ఏం సెప్తే అది సేస్తాదా?” అని అక్క వాకిలి దిక్కు చూసి, “ఆయప్పకు గూడా ఒకటి ఉంటే బాగుండు” అనింది.

కంప్యూటరు ఆపి, షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని మళ్లా ఆన్ చేసినాను. మెనూ వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, దాని కింద రికవరీ మోడ్ అని ఉన్న వరుస. ఎంటర్ కొట్టినాను. తెల్ల అక్షరాలు జలజలా పైకి పరుగెత్తినాయి. అక్క నా భుజం పట్టుకుంది. “ఏమన్నా తెగిపోతాందా మే?” అని. తెగిపోలేదు, లేస్తాంది అన్నాను. చిన్న పట్టిక ఒకటి వచ్చింది. దాంట్లో రూట్ అనేదాన్ని ఎంచుకున్నాను. అంటే ఇంటి పెత్తనమంతా మన చేతికి వచ్చినట్టు.

పెత్తనం చేతికి రాగానే నేను చేసిన మొదటి పని అక్క పాస్‌వర్డు మార్చడం. ఆమె ఎన్ని చెప్పినా, మర్చిపోయే ఉంటుందని నా నమ్మకం. మార్చబోతే కుదరదనింది. రికవరీ మోడ్‌లో మొదట అన్నీ చదివేదానికే గానీ రాసేదానికి ఒప్పుకోదు. రాసేదానికి వీలుగా మార్చే కమాండు ఇచ్చి, మళ్లా మార్చినాను. ఈసారి ఒప్పుకుంది. గర్వంగా రీస్టార్ట్ చేసి కొత్త పాస్‌వర్డు కొట్టినాను. నల్లగా అయింది. ఊరించింది. మళ్లా పాస్‌వర్డు అడిగింది.

అక్క నా దిక్కు చూసింది. ఏమన్నా అనుంటే బాగుండేది, నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని.

బయట నుంచి బావ గొంతు. “ఏం మరదలా, సప్పుడు లేదు? ఆపరేసన్ అయిపాయనా?”

“మత్తు మందు అయిపోయింది బావా, నీకు ఇచ్చేదానికి వెతుకుతాండాను” అని అరిచినాను. ఎండ నడినెత్తికి వచ్చింది. అక్క జొన్నరొట్టె, పుండికూర పళ్లెంలో పెట్టి నా పక్కన పెట్టింది. ఆమె తినలేదు. నేను రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, బుద్ధిగా మళ్లా పెరటి వాకిలి నుంచి లోపలికి పోయినాను. ఈసారి పెత్తనం చేయకుండా, ముందు ఇల్లంతా చూద్దామని డిస్కులో ఎంత జాగా ఉందో చూపించే కమాండు కొట్టినాను.

నూటికి నూరు. గొంతు దాకా నిండిపోయి ఉంది.

చేతిలో రొట్టె పళ్లెంలో పెట్టేసినాను. లోపలికి పోయిన ప్రతిసారీ కంప్యూటరు తన కోసం చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాల. రాసుకునేదానికి గోరంత జాగా కూడా లేకపోతే, వచ్చిన మనిషిని వచ్చినట్టే వెనక్కి పంపిస్తుంది. పాస్‌వర్డు మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. ఆ మాట నేను అక్కతో చెప్పలేదు. ఆమెకు ఎట్లాగూ తెలుసు.

“ఏం నింపినావే దీంట్లో? సినిమాలా?”

“సినిమాలు యాడివి మే. నా చీరలే.”

ఆమె ఫోల్డరు తెరిచి ఫైళ్ల పేర్లు తెప్పించినాను. అవి స్క్రీను దాటి పోయి, ఇంకా వస్తానే ఉన్నాయి. పేర్లు చూసి నాకు నవ్వు ఆగలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాన పడింది. అత్తకు జ్వరం. రొట్టె మాడింది. తుగ్గలి ఊర్లో పెండ్లి. కరెంటు పోయింది. సెల్లి వచ్చింది, పోట్లాడింది. అది నేనే.

“ఇవేం పేర్లే?”

“ఆ పొద్దు ఏం గీసినానో ఎట్ల గుర్తుంటాది మరి? రొట్టె మాడిన దినం గీసింది అంటే టక్కున గుర్తొస్తాది.”

మగ్గం ఆగింది అని ఒక పేరుంది. నేను చదివి దాని మీద వేలు పెట్టినాను. అక్క కూడా చదివి, “దాన్ని ముందు తీసెయ్” అనింది.

తీసేయడం దగ్గరే వచ్చింది అసలు గొడవ. ఫైళ్ల సైజు చూస్తే, ఒకదాన్ని మించి ఒకటి పెద్దగా ఉంది. మొదటిది చిటికెడు, తరువాతివి బండరాళ్లు. ఒక చీర డిజైను ఇంత బరువు ఎందుకుంటుంది? కొత్త చీర మొదలుపెట్టేటప్పుడు కొత్త ఫైలు తెరవలేదా అని అడిగినాను.

“కొత్తది ఎందుకు తెరుస్తాం?” అని ఆమె నన్నే వింతగా చూసింది. “పాత చీర అయిపోయిన కాడ నుంచే మొదలుపెడతా. పడుగు అట్లే కదా అతుకుతాము?”

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే నేతగాళ్లు కొసలు పూర్తిగా కోసి పారేయరు. పోగులు విడివిడిగా దూర్చే పన్నెలో పాత పోగుల కొసలు ఉంచేసి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. కొసలు కోసేస్తే అన్ని పోగులనూ మళ్లా మొదటి నుంచి పన్నెలో ఎక్కించుకోవాల, ప్రాణం పోతుంది. అందుకని ఒక చీర తోకకు ఇంకో చీర తల. మా అక్క కంప్యూటర్‌లో కూడా అదే చేసింది. పాత చీర గళ్ల కింద కొత్త చీర గళ్లు. దాని కింద ఇంకోటి. పొద్దుగూకి లేచేటప్పుడు, చెడిపోతుందేమోనని ప్రతిసారీ కొత్త పేరుతో దాచుకోవడం. అంటే రొట్టె మాడిన దినం ఫైలులో, అంతకుముందు పడిన వానా ఉంది, అత్త జ్వరమూ ఉంది, తుగ్గలి పెండ్లీ ఉంది.

నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకున్నాను కూడా. “యమ్మా తల్లీ! ఇంత తెలివి యాడ నేర్చినావే? లోకంలో ఇంకెవరికన్నా వస్తుందా ఇట్లాంటి బుద్ధి?” అని అరిచినాను.

“అరవద్దు. ఆయప్ప ఇంటాడు” అనింది అక్క.

అప్పుడు తట్టింది నాకు. ప్రతి ఫైలులో దాని ముందువన్నీ ఉన్నాయంటే, ఆఖరుది ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేసినా ఒక్క చుక్క పోదు. జాగాకు జాగా వస్తుంది, చీరకు చీర ఉంటుంది. ఈ మాట చెప్తే అక్క తలూపింది. మా ఇద్దరి మొహాల్లోకీ రక్తం తిరిగొచ్చింది. ఆమె నా పళ్లెంలో మిగిలిన రొట్టె ముక్క తీసుకుని తినేసింది.

“ఆఖరుది ఏ పేరుతో పెట్టినావు?”

“పిట్టలు వచ్చినాయి అని.”

వెతికినాను. ఉంది. అన్నింటికంటే కింద. పేరు పక్కన సైజు చూసినాను. సున్నా.

కండ్లు నులుముకుని మళ్లా చూసినాను. సున్నాయే. ముందురోజు సాయంత్రం ఆమె దాచుకునే సమయానికే డిస్కులో జాగా అయిపోయింది. పేరు మాత్రం రాసుకుంది, లోపల ఏమీ రాసుకోలేదు. ఖాళీ సంచికి మూతి కట్టి పెట్టింది.

ఎట్ల చెప్పాలో నాకు తెలీలేదు. అక్క నా మొహం చూసింది. “ఏమే?” అనింది. వేలు పెట్టి చూపించినాను. ఆమెకు రికవరీ మోడ్ తెలీదు గానీ, సున్నా తెలుసు. బియ్యం మూట మీద మెల్లగా కూలబడింది.

“ఏముండె దాంట్లో?” అని అడిగినాను.

“కొంగు. జొన్న కంకుల మీదికి పిట్టలొచ్చి వాలేది. అంచంతా జొన్న కంకులే మే, నడుమ బుటాలు గింజలు. కొంగులో పిట్టలు. ఆ పిట్టల కోసమే కదా ఇదంతా.” అంతవరకూ బాగానే చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చప్పుడు బయటికి పోకూడదని.

నాకు ఎవరి మీద కోపం చూపించాలో తెలీక కీబోర్డు మీద చూపించినాను. దాని ముందు దినం ఫైలు ఒకటి నిండుగానే ఉంది. కుళాయి రాలేదు అని పేరు. అది ఉంచి, పాతవన్నీ తీసేస్తాపోయినాను. ఒక్కొక్క పేరు తీసేటప్పుడు పైకి చదివినాను, ఆమెకు తెలియాలని. వాన పోయింది. జ్వరం పోయింది. మాడిన రొట్టె పోయింది. పోట్లాడిన సెల్లి కూడా పోయింది. అక్క ఏడుస్తానే, “దాన్ని ఉంచాల్సింది” అనింది.

రీస్టార్ట్ చేసినాను. పాస్‌వర్డు కొట్టినాను. నల్లగా అయింది. నేను కండ్లు మూసుకున్నాను. ఈసారి తెరుచుకుంది.

మామూలుగా అయితే అప్పుడు నేను లేచి ఎగిరి గంతేస్తాను. ఆపొద్దు ఇద్దరం నేరుగా ఆ ఫైలు తెరిచినాము. పాత చీరలన్నీ దాటుకుంటా, దాటుకుంటా కిందికి వస్తే, ఆఖరున ఆ చీర. అబ్బా, ఏం చీర! బూడిద రంగు నేల మీద పచ్చి కంకుల అంచు. కంకి కంకికీ గింజల్లో తేడా. కొంగులో కంకులు ఏపుగా లేచి, పైన అంతా ఖాళీ. తెల్ల గళ్లు తప్ప ఏం లేవు.

“గీయి” అన్నాను.

“నిన్నంతా పట్టిందే దానికి.”

“ఎన్ని వస్తే అన్ని గీయి. ఏడ్చుకుంటా కూర్చుంటే పిట్టలు వస్తాయా?”

ఆమె కండ్లు తుడుచుకుని మౌసు పట్టుకుంది. నేను పక్కన కూర్చుని, ఆమె చెప్పిన రంగు తీసి ఇస్తా, టీ కలిపి ఇస్తా, లోపల పడుకున్న అక్క అత్తగారు పిలిస్తే పోయి మందు ఇచ్చి వస్తా ఉండినాను. ఒక పిట్ట వాలింది. ఇంకో పిట్ట వాలింది. మూడోదానికి తల, ఒళ్లు, తోక వచ్చినాయి. రెక్క రాలేదు. అంతలోనే వీధి మలుపులో ఆటో చప్పుడు అయింది, బావ అరుగు మీద నుంచి లేచినాడు.

అక్క మౌసు వదిలేసింది. “అయిపాయె” అనింది. గొంతులో ఏడుపు కూడా లేదు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. వాకిట్లోకి పోయి బావ చెయ్యి పట్టుకున్నాను. “బండి వచ్చింది, సరే. ఇచ్చిన మాట ఉంది కదా. వచ్చి చూసి, బాగలేదని ఒక్క మాట ఆమె మొహం మీద చెప్పి, ఆ తరువాత పోయి మగ్గం ఇచ్చుకో” అని దాదాపు ఈడ్చుకొచ్చినాను. ఆయన నవ్వుతానే వచ్చినాడు. వంటింటి గడప మీద నిలబడి, చేతులు కట్టుకుని, స్క్రీను దిక్కు చూసినాడు.

నవ్వు ఆగిపోయింది. అక్క ఆయన మొహం చూడలేదు, నేల చూస్తాండాది. నేను ఇద్దరినీ చూస్తాండాను.

బావ దగ్గరికి వచ్చినాడు. వంగినాడు. అంచు దగ్గర నుంచి మొదలుపెట్టి, కింది నుంచి పైకి, వరుస వరుసా చూస్తా పోయినాడు. మనం చీర చూసినట్టు కాదు. ఒక్కొక్క పోగు పెదాలతో చదువుకుంటా పోయినాడు. కొంగు దాకా వచ్చి ఆగినాడు.

“ఈ పిట్టకు రెక్క యాడ?”

“పోయింది. నిన్న గీసింది అంతా పోయింది” అనింది అక్క, నేల చూస్తానే.

“ఈ రెండిటికీ రెక్కలు ముడిసి పెట్టినావే. వాలేటప్పుడు పిట్ట రెక్క ముడుసుకుంటాదా? ఇప్పుకుంటాది.” రెండు చేతులూ పక్కలకు చాపి, మణికట్టు కిందికి వంచి చూపించినాడు. వంటింట్లో నిలబడి ఆరడుగుల మనిషి పిట్ట అయినాడు. ఇంకెప్పుడన్నా అయితే నేను నవ్వి చచ్చేదాన్ని. “ఇట్ల ఇప్పుకుంటాది. కానీ ఇంత రెక్క ఇప్పితే పోగు పొడుగ్గా పైన తేలి, గాజుకు తగులుకుంటాది. నడుమ నడుమ ఒక పోగు కిందికి తొక్కాల. జరుగు.”

అక్క జరిగింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మౌసు పట్టుకోవడం చేతకాదు కాబట్టి, స్క్రీను మీద వేలు పెట్టి చూపిస్తా, “ఈడొకటి. ఈడ వొద్దు. ఈడొకటి” అంటాంటే, అక్క పక్కనుంచి చెయ్యి చాపి చుక్కలు పెడతాంది. రెక్క లేస్తాంది. ఏదో చప్పుడయితే నేను కిందికి చూసినాను. స్టూలు కింద బావ కాళ్లు. కుడికాలు నొక్కుతాంది, లేస్తాంది. ఎడమకాలు నొక్కుతాంది, లేస్తాంది. ఆయనకు తెలీదు. నెలల తరబడి ఆగిపోయిన ఆ కాళ్లు, బండల మీద వాటంతట అవే నేస్తాండాయి. అక్క కూడా చూసింది. చూసి, పెదవి కొరుక్కుని, స్క్రీను దిక్కు తిరిగి, ఇంకో చుక్క పెట్టింది.

బయట ఆటో ఆయన హారను కొట్టినాడు. మళ్లా కొట్టినాడు. బావ తల తిప్పలేదు.

“మరదలా, పోయి ఆయప్పకు సెప్పుపో. మగ్గం మీద మనిషుండాడని.”

నేను బయటికి పోయినాను. ఆ కోడుమూరాయన తాళ్లు భుజానేసుకుని అప్పటికే నడింట్లోకి వచ్చేసి, పంచె కొస ఎత్తి చూస్తాండాడు.

“ఎవురూ లేరే. ఖాళీగానే ఉండాది కదమ్మా?” అన్నాడు.

“ఖాళీ లేదన్నా” అన్నాను. ఆయన చేతిలోని పంచె కొస లాక్కున్నాను. “బండి తిప్పుకో.”